ఇండోర్ ఆటల ఫొటోలకు ఫుల్ ఫ్రేమ్ కొనేముందు లెన్స్ వెనక ఉన్న గుర్తు చూడండి

మీరు మహబూబ్‌నగర్ నుంచి రాసిన సంగతి ఇదీ: కెనాన్ 200డి కెమెరా (ఫొటోను పట్టే చిప్, అంటే సెన్సార్, చిన్నగా ఉండే క్రాప్ రకం), దాని మీద 55-250 జూమ్ లెన్స్. అమ్మాయి షటిల్ ఆడుతుంది, దాంతోపాటు స్కూలు కబడ్డీ పోటీలు కూడా తీస్తుంటారు. హాల్లో ఐఎస్ఓ (వెలుతురును ఎంత పెంచి చూపాలన్న అంకె) 6400 పెట్టినా షట్టర్ వేగం సెకనులో 1/200 దాటడం లేదు. రాకెట్ పట్టిన చెయ్యి పొగలా వస్తోంది, ముఖం మీద ఇసుక చల్లినట్టు నాయిస్. లక్షా 20 వేలు కూడబెట్టాను, పెద్ద సెన్సార్ ఉన్న ఫుల్ ఫ్రేమ్ కెమెరాకు వెళ్లిపోనా అని అడిగారు.

వెళ్లవద్దని చెప్పను. ఇప్పుడు నేను వాడుతున్నదీ ఫుల్ ఫ్రేమే. కాని నేను వెళ్లిన వరసలో మాత్రం వెళ్లకండి.

నాది నల్గొండలో చిన్న స్టూడియో. మూఢం వచ్చి పెళ్లిళ్లు ఆగితే చేతిలో పని ఉండదు. అలాంటి రోజుల్లో తెలిసిన పీఈటీ సార్ ఒకాయన పిలిస్తే స్కూళ్ల పోటీలు తీయడం మొదలుపెట్టాను. డబ్బు తక్కువ, చాయ్ ఎక్కువ. నాదీ మీలాంటి కెనాన్ క్రాప్ కెమెరాయే, అదే 55-250 లెన్స్, అదే ఇసుక. పెద్ద సెన్సార్ ఉంటే చీకటి సమస్యే ఉండదని అందరూ చెప్పగా చెప్పగా, ఒకరోజు పొద్దున్నే బస్సెక్కి హైదరాబాద్ ఎంజీబీఎస్‌లో దిగి, కోఠికి నడిచి, సెకండ్‌హ్యాండ్ ఫుల్ ఫ్రేమ్ బాడీ (లెన్స్ లేని కెమెరా) ఒకటి బేరమాడి తీసుకున్నాను. డబ్బు లెక్కపెట్టి ఇచ్చేశాక బ్యాగులోంచి నా లెన్స్ తీసి బిగించబోయాను. పట్టలేదు. కొంచెం జరిపి తిప్పాను. పట్టలేదు. కౌంటర్ అవతలి కుర్రాడు లెన్స్‌ను నా చేతిలోంచి మెల్లగా తీసుకుని, వెనక అంచున ఉన్న తెల్ల చతురస్రం మీద గోరు ఆనించాడు. "ఈ గుర్తు బాడీ మీద ఎక్కడైనా ఉందా సార్?" అన్నాడు. బాడీ మీద ఎర్ర చుక్క ఒక్కటే ఉంది.

మీ 200డి మౌంట్ (లెన్స్ బిగించే చోటు) మీద రెండు గుర్తులూ కనిపిస్తాయి, ఇప్పుడే తీసి చూడండి. తెల్ల చతురస్రం ఉన్నవి ఈఎఫ్-ఎస్ లెన్సులు, క్రాప్ సెన్సార్ కోసమే చేసినవి. ఎర్ర చుక్క ఉన్నవి ఈఎఫ్, రెండు రకాల బాడీలకూ ఎక్కుతాయి. మీ 55-250 ఆ జాతిదే. లోపల అద్దం ఉండే కెనాన్ డీఎస్ఎల్ఆర్ ఫుల్ ఫ్రేమ్ బాడీలకు అది ఎక్కనే ఎక్కదు. అద్దం లేని (మిర్రర్‌లెస్) ఆర్ వరస ఫుల్ ఫ్రేమ్ బాడీకి అడాప్టర్‌తో ఎక్కుతుంది, కాని సెన్సార్ మధ్య భాగాన్నే వాడుకుంటుంది. నైకాన్‌లోనూ అంతే: క్రాప్ కోసం చేసిన డీఎక్స్ లెన్స్ పెడితే 24 మెగాపిక్సెల్ ఫుల్ ఫ్రేమ్ బాడీ 10 మెగాపిక్సెల్ దగ్గర ఆగుతుంది. అంటే బాడీ ధర ఒక్కటే చూసుకుని బడ్జెట్ వేస్తే మొదటి రోజే లెక్క తప్పుతుంది.

మిగిలిన డబ్బుకు ఆ రోజు దొరికింది పాత 75-300. జూమ్ చివర్లో దాని ఎపర్చర్ (వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం) ఎఫ్ 5.6. ఈ అంకె ఎంత చిన్నదైతే అంత ఎక్కువ వెలుతురు. ఆ శనివారం హాల్లో కూర్చుని ఐఎస్ఓ 6400 పెట్టి మీటర్ చూస్తే షట్టర్ 1/200. పాత కెమెరాలో కనిపించిన అంకే! సెన్సార్ పెద్దదైనంత మాత్రాన ఎక్స్‌పోజర్ మారదన్న సంగతి అప్పటికి నాకు తెలియదు. మారేది నాయిస్. ఐఎస్ఓ 16000 వరకు లాగినా పాత 6400 అంత శుభ్రంగానే వచ్చింది కాబట్టి 1/500 దొరికింది. లాభం లేదనలేను. కాని ఆటగాడి చెయ్యి ఇంకా పొగలాగే ఉంది.

లెక్క వేసి చూడండి. కెనాన్ క్రాప్ సెన్సార్ కన్నా ఫుల్ ఫ్రేమ్ వైశాల్యం దాదాపు 2.6 రెట్లు. బాడీ మార్చితే మీకు వచ్చేది ఆ రెండున్నర రెట్ల లాభమే, స్టాపుల్లో (ఒక స్టాపు అంటే వెలుతురు రెట్టింపు) చెప్పాలంటే ఒకటిన్నరకు కొంచెం తక్కువ. అదే బాడీ మీద ఎఫ్ 5.6 లెన్స్ తీసి ఎఫ్ 1.8 లెన్స్ పెడితే వెలుతురు దాదాపు పది రెట్లు పెరుగుతుంది. అదే హాలు, అదే ఐఎస్ఓ 6400, షట్టర్ మాత్రం 1/200 నుంచి 1/1900 దగ్గరకు పోతుంది. అంత అక్కర్లేదనుకుంటే ఐఎస్ఓను 3200కు దించి 1/1000 దగ్గర హాయిగా తీసుకోవచ్చు. షటిల్‌కు అది సరిపోతుంది, కబడ్డీకి 1/640 అయినా చాలు.

ఇది నాకు ఏడాది ఆలస్యంగా తెలిసింది. సెకండ్‌హ్యాండ్‌లో 85 ఎంఎం ఎఫ్ 1.8 ఒకటి 18 వేలకు దొరికితే, పెళ్లిలో పెళ్లికూతురు ఫొటోలకు పనికొస్తుందని కొన్నాను. ఒక కబడ్డీ పోటీలో మొదటి సగం దాన్ని ఫుల్ ఫ్రేమ్ మీద, రెండో సగం అల్మారాలో పడి ఉన్న పాత క్రాప్ కెమెరా మీద పెట్టి తీశాను. రాత్రి కంప్యూటర్లో పక్కపక్కన పెట్టుకుంటే ఫుల్ ఫ్రేమ్‌వి శుభ్రంగా ఉన్నాయి, కాని మనుషులు చిన్నగా ఉన్నారు. క్రాప్ మీద 85 ఎంఎం ఇచ్చే బిగువు ఫుల్ ఫ్రేమ్ మీద రావాలంటే 135 ఎంఎం కావాలి. సరే, కత్తిరిద్దాం అనుకుని పక్కవాళ్లను కోసేశాను. కోశాక తేడా ఎక్కడుందో కనిపెట్టలేకపోయాను. అంచులు కోసేస్తే మిగిలేది క్రాప్ సెన్సార్ అంత ముక్కే కదా! పెద్ద సెన్సార్ లాభం పూర్తిగా దక్కాలంటే ఫ్రేమ్ నిండేంత పొడవైన లెన్స్ ఉండాలి, అదీ వెలుతురున్నది. ఫుల్ ఫ్రేమ్ అసలు ఖర్చు అక్కడ మొదలవుతుంది.

ఎఫ్ 1.8 లెన్సులో ఒక తిరకాసు కూడా ఉంది, దాచకుండా చెప్పాలి. క్రాప్ బాడీ మీద 85 ఎంఎం పెట్టి ఆరు మీటర్ల దూరంలో ఉన్న ఆటగాడిని ఎఫ్ 1.8లో తీస్తే, స్పష్టంగా ఉండే లోతు జానెడున్నర. మన చిన్నప్పటి చెడుగుడులో అసలు ఉత్కంఠ ఎక్కడుంటుందో మీకు తెలుసు: కూతకు వచ్చినవాడి ముఖం ఒకచోట, వాడి మడమ పట్టుకున్నవాడి చెయ్యి ఇంకోచోట. నా దగ్గర ఒక ఫొటో ఉంది. కూతకు వచ్చిన పిల్లవాడి కనుబొమ మీద చెమట చుక్క లెక్కపెట్టవచ్చు. వెనక వాడి మడమను పట్టిన అయిదు వేళ్లు మాత్రం వెన్న కరిగినట్టు ఉన్నాయి. పాయింటు తెచ్చింది ఆ వేళ్లు! అప్పటి నుంచి ఎఫ్ 2.2కు దించి తీస్తాను. ఆ కొంచెం వెలుతురు పోయినా బాధ లేదు.

ఇక దీపాల సంగతి. దీని గురించి ఎవరూ ముందుగా చెప్పరు. మన కరెంటు 50 హెర్ట్జ్, కాబట్టి చాలా హాళ్లలో పాత దీపాలు సెకనుకు వంద సార్లు మినుకుతాయి. కంటికి తెలియదు. 1/1000 షట్టర్ ఆ ఒక్కో మినుకులో పదో వంతునే పట్టుకుంటుంది. అందుకే వరసగా ఆరు ఫ్రేములు తీస్తే రెండు తెల్లగా, రెండు పసుపుగా, రెండు మసగ్గా వస్తాయి. నేను మొదట కెమెరా పాడైందనుకుని మెకానిక్ దగ్గరకు తీసుకెళ్లాను. ఆయన తన షాపు గుమ్మం దగ్గర ఎండలో పది ఫొటోలు తీసి, బాగానే ఉంది కదా అని తిరిగిచ్చేశాడు. ఎండ మినుకదు మరి. దీనికి విరుగుడు యాంటీ ఫ్లికర్ అనే సెట్టింగ్. కెమెరా ఆ మినుకును గమనించి, వెలుతురు గరిష్ఠంగా ఉన్న క్షణానికే షట్టర్ వదులుతుంది. కెనాన్‌లో అది మొదట వచ్చింది 2014లో 7డి మార్క్ 2లో, అంటే క్రాప్ బాడీలో! అదే బాడీకి 65 క్రాస్ టైప్ (నిలువు, అడ్డ గీతలు రెండింటినీ పట్టే) ఫోకస్ పాయింట్లు, సెకనుకు పది ఫ్రేములు. నేను మోజుపడి కొన్న పాత ఫుల్ ఫ్రేమ్‌కు పదకొండే పాయింట్లు, అవీ మధ్యలో గుంపుగా. మ్యాట్ అంచుకు పరిగెత్తినవాడిని అది పట్టేలోపు వాడు తిరిగి గీత దాటేవాడు. కాబట్టి ఏ బాడీ చూసినా సెన్సార్ సైజు కంటే ముందు ఈ రెండు అడగండి: యాంటీ ఫ్లికర్ ఉందా, ఫోకస్ పాయింట్లు అంచుల దాకా ఉన్నాయా. మిర్రర్‌లెస్ తీసుకుంటే ఎలక్ట్రానిక్ షట్టర్ జోలికి హాల్లో పోకండి. ఎల్ఈడీ దీపాల కింద అడ్డంగా చారలు వస్తాయి.

గచ్చిబౌలిలో తీసిన ప్రో కబడ్డీ ఫొటోలు చూసి మనవి అలా ఎందుకు లేవని కుమిలిపోనవసరం లేదు. అక్కడ టీవీ కోసం వెలిగిస్తారు. మన హాళ్లలో నాలుగు దీపాలుంటే ఒకటి వెలగదు, పైన వెంటిలేటర్ లోంచి వచ్చే పగటి వెలుగు ఒక రంగు, ట్యూబులది ఇంకో రంగు. అందుకే నేను మాన్యువల్‌లో పెట్టేస్తాను. హాల్లో వెలుతురు ఆట మొత్తం పెద్దగా మారదు. ఆటోలో వదిలితే తెల్ల జెర్సీ వచ్చినప్పుడల్లా మీటర్ భయపడి ఫొటోను చీకటి చేస్తుంది. చీకటిగా తీసి తర్వాత కంప్యూటర్లో లేపితే నాయిస్ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, ఆ పని అసలు వద్దు. ఫ్లాష్ గురించి చెప్పక్కర్లేదనుకుంటా. షటిల్ కోర్టు పక్కన ఒక్కసారి వెలిగించి చూశాను, అంపైర్ చూసిన చూపు చాలు.

జిల్లా హాళ్లలో మనకున్న గొప్ప సౌకర్యం ఏమిటంటే దగ్గరగా కూర్చోనిస్తారు. పురుషుల కబడ్డీ మ్యాట్ పొడవు 13 మీటర్లు, ఒక్కో జట్టు వైపు ఆరున్నర. కాపు కాసే జట్టు వెనక, ఎండ్ లైన్‌కు రెండు మీటర్లు వదిలి బాసింపట్టు వేసుకుని కూర్చోండి. బోనస్ లైన్ తొక్కడానికి వచ్చేవాడు మీకు నాలుగు మీటర్ల లోపే, ముఖం మీ వైపే ఉంటుంది. అక్కడ 85 ఎంఎం కూడా ఎక్కువే, 50 ఎంఎం ఎఫ్ 1.8 కావాలి. అది కొత్తదే పది వేల దరిదాపుల్లో ఉంటుంది. మూలకు జరిగితే 85 సరిపోతుంది. షటిల్‌కు కోర్టు మూలన నేల మీద కూర్చుని, కెమెరా నిలువుగా పట్టుకుని 85తో తీయండి. మీ 200డిలో మధ్య ఫోకస్ పాయింట్ ఒక్కటే క్రాస్ టైప్, దాన్నే నమ్ముకోండి. ఏఐ సర్వోలో (కదిలేవాడిని వెంటాడే ఫోకస్) పెట్టి రెండు మూడు ఫ్రేముల చొప్పున తీయండి. వేలు అలాగే నొక్కి ఉంచితే బఫర్ (కెమెరా తాత్కాలిక మెమరీ) నిండి, స్మాష్ కొట్టే సమయానికి కెమెరా మొరాయిస్తుంది.

ఇన్నీ చేశాక కూడా ఐఎస్ఓ 6400 దిగకపోతే, లేదా గ్యాలరీ నుంచి తీయాల్సి వస్తే, అప్పుడు ఫుల్ ఫ్రేమ్. 2023లో వచ్చిన కెనాన్ ఆర్8 నేను ఇప్పుడు వాడుతున్నాను. పాత ఈఎఫ్ లెన్సులు అడాప్టర్‌తో దానిమీద చక్కగా పనిచేస్తున్నాయి. కన్ను పట్టుకుని వదలని ఫోకస్ దాని అసలు బలం, సెన్సార్ కన్నా నేను దానికే ఎక్కువ డబ్బు ఇచ్చాననుకుంటాను. బాడీలో స్టెబిలైజేషన్ లేదని కొందరు పెదవి విరుస్తారు. ఆటలకు అది అక్కరకు రాదు. మన చేతి వణుకును ఆపుతుందే కాని ఎదురుగా దూకేవాడిని ఆపదు.

మీ లక్షా 20 వేలలో ఒక 30 వేలు ఇప్పుడు తీయండి. సెకండ్‌హ్యాండ్ 85, కొత్త 50, రెండూ ఎర్ర చుక్క ఉన్నవే, రేపు ఫుల్ ఫ్రేమ్ కొన్నా పనికొస్తాయి. మిగతా డబ్బు బ్యాంకులో ఉండనివ్వండి. రెండు నెలలు వాటితో తీసి, తర్వాత హైదరాబాద్‌లో ఒక రోజుకు ఫుల్ ఫ్రేమ్ బాడీ, 70-200 ఎఫ్ 2.8 అద్దెకు తెచ్చుకుని అమ్మాయి ఆట ఒకటి తీయండి. ఆ 70-200 ఈఎఫ్ లెన్స్ బరువు దాదాపు ఒకటిన్నర కేజీ. మూడు గంటలు పట్టుకున్నాక కూడా కొనాలనిపిస్తే కొనేయండి. రెండు కెమెరాల్లో వచ్చిన షట్టర్, ఐఎస్ఓ అంకెలు రాసి పెట్టుకుని నాకు చెప్పండి, మీ హాలు దీపాలు మా వాటికన్నా నయమేమో చూద్దాం.