కళ్లు మూస్తే చాలు, బ్లాకులే!

ప్రశ్న: రెండు వారాల నుంచి టెట్రిస్, అదేనండి పైనుంచి పడే బ్లాకుల్ని తిప్పి ఖాళీల్లో సర్దే గేమ్, తెగ ఆడుతున్నానండి. రాత్రి ఫోన్ పక్కన పడేసి కళ్లు మూసుకుంటే చాలు, బ్లాకులు పైనుంచి దిగుతూనే ఉంటాయి, నేనేమో వాటిని తిప్పుతూనే ఉంటా. నిన్నైతే పొడుగు కడ్డీ ఒకటి రాక రాక వచ్చింది, దాన్ని ఎక్కడ దూర్చాలో తోచక ఉలిక్కిపడి లేచా. నా బుర్రకేమైనా అయ్యిందంటారా?
– బ్లాకుల బాధితుడు

జవాబు: ఏమీ కాలేదు బాబూ, మీకొక్కరికే కూడా కాదు. దీనికి టెట్రిస్ ఎఫెక్ట్ అని పేరే పెట్టేశారు. హార్వర్డ్‌లో రాబర్ట్ స్టిక్‌గోల్డ్ అని నిద్ర మీద పరిశోధన చేసే ఆయన ఉన్నారు, ఒకసారి పగలంతా కొండెక్కొచ్చి రాత్రి పడుకుంటే నిద్ర పట్టే టైమ్‌కి మళ్లీ ఆ రాళ్లు పట్టుకుని పాకుతున్నట్టే అనిపించిందట. సరే ఇదేంటో చూద్దామని 27 మందిని కూర్చోబెట్టి మూడు రోజుల్లో ఏడు గంటలు టెట్రిస్ ఆడించి, నిద్రలోకి జారేటప్పుడు ఏం కనిపిస్తోందని అడిగారు. 2000లో సైన్స్ పత్రికలో వచ్చిన లెక్క ప్రకారం 17 మందికి మీలాగే బ్లాకులు పడుతూ కనిపించాయి. ముందే ఆటలో ఆరితేరినవాళ్లలో ఒకరిద్దరికి అక్కడ ఆడిన గేమ్ కాకుండా తాము ఎప్పుడో ఆడిన పాత టెట్రిస్ కనిపించిందట, అదో విడ్డూరం.

అసలు విడ్డూరం ఇంకోటుంది. ఆ 27 మందిలో ఐదుగురికి మెదడు దెబ్బతిని కొత్త విషయాలేవీ గుర్తుండవు. గేమ్ ఆడిన సంగతే మర్చిపోతారు, ప్రతిసారీ మొదట్నుంచి నేర్పాల్సిందే. అలాంటివాళ్లలో కూడా ముగ్గురు, ఏవో ముక్కలు పడుతున్నాయి, తిరుగుతున్నాయి అన్నారు, అవెక్కడివో మాత్రం వాళ్లకే తెలీదు! అంటే "నేను ఇవాళ గేమ్ ఆడాను" అనే జ్ఞాపకం ఒక చోట, ఆ ముక్క ఆకారం, దాన్ని తిప్పే పని ఇంకో చోట దాక్కుంటాయన్నమాట, నిద్ర వచ్చేటప్పుడు తలుపు తీసుకుని బయటికొచ్చేది ఈ రెండోదే. మీకు స్కోరు కనిపించట్లేదు కదా, కడ్డీనే కనిపిస్తోంది, గమనించారా? చేత్తో పదే పదే చేసిన పనిని మెదడు అంత తొందరగా వదలదు. ఇంకో ప్రయోగంలో మంచు మీద స్కీయింగ్ చేసే గేమ్ ఆడించారు, నిద్ర మొదట్లో ఆ వాలూ ఆ మలుపులూ ఉన్నవున్నట్టు కనిపించాయి గానీ రాత్రి గడిచేకొద్దీ పోలిక పలచబడిపోయింది. కాబట్టి మీరు పొద్దున గుర్తుపెట్టుకునే అసలు కలల్లో బ్లాకులు బ్లాకుల్లాగే రావాలనేం లేదు, బీరువాలో బట్టలు సర్దుతున్నట్టు వచ్చినా రావచ్చు.

పడుకునే ముందు గంట సేపు గేమ్ ఆపి చూడండి. పోకపోయినా భయం లేదు, నాకైతే పేకముక్కలు కూడా ఇలాగే కనిపిస్తాయి.

ప్రశ్న: మా వాడికి పద్నాలుగేళ్లు. తుపాకుల గేమ్ ఒకటి ఆడతాడు, అర్ధరాత్రి నిద్రలో "ఒరేయ్ వెనకాలున్నాడ్రా" అని కేకేస్తున్నాడు. ఇలా కలలు కంటూ కంటూ పగలు కూడా కొట్టడానికి తయారవుతాడేమోనని భయమేస్తోంది సార్.
– ఓ అమ్మ

జవాబు: అమ్మా, నిద్రలో మాట్లాడటం పిల్లల్లో మామూలే. కలలో కాల్చాడు కాబట్టి పగలు కొడతాడని అనుకోకండి. కెనడాలో జేన్ గాకెన్‌బాక్ అనే సైకాలజిస్టు గేమర్ల కలల్నే ఏళ్ల తరబడి చూశారు. ఆవిడ ఊహ ఏంటంటే, బాగా గేమ్స్ ఆడేవాళ్లు పీడకలలో ఎవరైనా తరిమితే పరిగెత్తరు, తిరగబడతారు, అందుకే అది వాళ్లకి అంత పీడకలలా అనిపించదు. సైనికుల్ని అడిగితే ఎక్కువ ఆడేవాళ్లు కొంత అలాగే చెప్పారు. ఆడపిల్లల్లో మాత్రం ఆ లాభం అంతగా కనబడలేదు, కాబట్టి పీడకలలకి మందు అని గేమ్ కొనిపెట్టేయకండి మళ్లీ.

నాకు కలకంటే నిద్ర గురించే ఎక్కువ దిగులు. కలలు ఎక్కువగా వచ్చే నిద్ర తెల్లవారుజామున ఎక్కువసేపు ఉంటుంది, రెండింటి దాకా ఆడి ఆరింటికి లేచే పిల్లాడికి తెగ్గోసేది దాన్నే. కేకలు పెట్టడం సరే, లేచి కాళ్లూ చేతులూ విసురుతున్నా, వారంలో చాలాసార్లు ఏడుస్తూ లేస్తున్నా డాక్టర్‌కి చూపించండి.

ప్రశ్న: గేమ్స్ ఆడితే కలని మనకి నచ్చినట్టు నడిపించొచ్చంట, నిజమేనా?
– కలల కెప్టెన్

జవాబు: ఇది కల అని కలలోనే తెలియడం గేమర్లకి కాస్త ఎక్కువని పైన చెప్పినావిడ సర్వేల్లోనే వచ్చింది. గేమ్ వల్ల అలా అయ్యారా, అలాంటివాళ్లే గేమ్స్‌కి పోతారా అనేది సర్వేతో తేలదు. నడిపించడం వస్తే మాత్రం ఆ పైన బాధితుడికి పొడుగు కడ్డీ ఎక్కడ దూర్చాలో కాస్త చెప్పి పుణ్యం కట్టుకో నాయనా.