నాలుగు సెన్సార్లూ ఒకేసారి మార్చాలా?

ప్రశ్న: మాది 2014 మోడల్ డీజిల్ కారు, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. కొన్నాళ్లుగా డాష్‌బోర్డు మీద టైరు గుర్తున్న పసుపు లైటు వెలుగుతోంది. బండి స్టార్ట్ చేయగానే నిమిషం పాటు మిణుకుమిణుకుమని, తర్వాత ఆరకుండా ఉండిపోతుంది. గాలి చూపిస్తే నాలుగింటిలోనూ సరిగ్గానే ఉంది. సర్వీస్ సెంటర్‌లో అడిగితే టైర్లలో గాలి ఎంతుందో కారుకు చెప్పే సెన్సార్లు పోయాయి, నాలుగూ మార్చాలి, 26 వేలవుతుంది అన్నారు. లైటు మీద స్టిక్కర్ అంటించి వదిలేయమని మా తమ్ముడు అంటున్నాడు. మేం తరచూ హైవే మీద నెల్లూరు వెళ్లొస్తుంటాం. ఏం చేయమంటారు?
– ఒక టీచరు, కావలి

జవాబు: స్టిక్కర్ మాత్రం వద్దమ్మా. ఎండాకాలం మధ్యాహ్నం పదహారో నంబరు హైవే మీద గాలి తగ్గిన టైరుతో వేగంగా వెళ్లడం ఎంత ప్రమాదమో నెల్లూరులో టైర్ల పని చేసినవాళ్లందరికీ తెలుసు. గాలి తగ్గితే టైరు పక్కగోడ తిరిగిన ప్రతిసారీ ఎక్కువగా వంగుతుంది, లోపల వేడెక్కుతుంది, పొరలు విడిపోతాయి. పేలిన టైర్లు విప్పి చూస్తే చాలాసార్లు లోపలివైపు రబ్బరు పొడిపొడిగా రాలి ఉంటుంది. చాలా దూరం తక్కువ గాలితో నడిచిందనడానికి అదే గుర్తు.

ఇక మీ లైటు సంగతి. వెలిగిన వెంటనే నిలకడగా ఉంటే గాలి తగ్గిందని అర్థం. మీరు రాసినట్టు నిమిషం మిణికి తర్వాత నిలబడితే, ఏదో ఒక సెన్సార్ నుంచి కారుకు కబురు అందడం లేదని అర్థం. కాబట్టి సెన్సార్ పోయిందన్న మాట నిజమే అయ్యుండొచ్చు. నాలుగూ పోయాయన్నది మాత్రం చూసి చెప్పాల్సిన మాట. సెన్సార్ అగ్గిపెట్టె కన్నా చిన్నగా, రిమ్ము లోపల వాల్వుకు అడుగున బిగించి ఉంటుంది. అందులో బ్యాటరీని మైనంలాంటి పదార్థం పోసి మూసేస్తారు, విడిగా మార్చడానికి వీలుండదు. దాని ఆయుష్షు మామూలుగా ఐదు నుంచి పదేళ్లు. మీవి కంపెనీతో వచ్చినవే అయితే ఒకటి పోయిందంటే మిగతావీ చివరికొచ్చినట్టే. ఆ మాటకొస్తే నాలుగూ మార్చమన్నవాళ్లు అబద్ధం చెప్పినట్టు కాదు. ఎప్పుడు మార్చాలి, ఎంతకు మార్చాలి అన్నదే మనం చూసుకోవాలి.

ముందు ఏది పోయిందో తేల్చండి. పెద్ద టైర్ల షాపుల్లో కొందరి దగ్గర చేతిలో పట్టుకునే సెన్సార్ రీడర్ ఉంటుంది. ఒక్కో చక్రం వాల్వు దగ్గర పెడితే సెన్సార్ నంబరు, గాలి, ఉష్ణోగ్రత చూపిస్తుంది. చాలా వాటిలో బ్యాటరీ స్థితి కూడా తెలుస్తుంది. మీ కారు స్క్రీన్ మీద ఒక్కో టైరు గాలి విడిగా కనిపిస్తే రీడర్ కూడా అక్కర్లేదు, అంకె బదులు గీతలు వచ్చే చక్రమే కారణం. టైర్లు ముందువి వెనక్కి మార్చి ఉంటే స్క్రీన్ చూపే చోటు తప్పు కావచ్చు. అప్పుడు ఒక్కో టైరులో కాస్త గాలి తీసి కొంచెం దూరం నడిపి, ఏ అంకె తగ్గిందో చూడండి. ఏ అంకే తగ్గకపోతే ఆ చక్రంలోదే పోయినట్టు.

తర్వాత టైరు పక్కన డాట్ (DOT) అని ఇంగ్లిషు అక్షరాలున్న వరుసలో చివరి నాలుగంకెలు చదవండి. 1419 అంటే 2019లో పద్నాలుగో వారంలో తయారైందని. టైర్లు అరిగిపోయి ఏడాదిలోపు మార్చాల్సినవే అయితే ఆ రోజే నాలుగు సెన్సార్లూ వేయించండి. టైరు విప్పే కూలి, బ్యాలెన్సింగ్ ఖర్చు ఎలాగూ అందులోనే పోతుంది. టైర్లు కొత్తవైతే పోయినదాన్ని మాత్రం ఇప్పుడు మార్చండి, మిగతావి టైర్లతో పాటు చూసుకోవచ్చు. అంతవరకూ గేజ్ కొనుక్కుని వారానికోసారి ఉదయం పూట, బండి ఎండలోకి వెళ్లకముందు మీరే గాలి చూసుకోండి.

కంపెనీ సెన్సారే వేయించాలని లేదు. ప్రోగ్రామ్ చేయగలిగే యూనివర్సల్ సెన్సార్లు సుమారు రెండు, మూడు వేలకు ఒకటి దొరుకుతాయి. వీటిలో ఉపయోగం ఏమిటంటే పాత సెన్సార్ నంబరునే కొత్తదాంట్లో ఎక్కించొచ్చు, అప్పుడు కారుకు మళ్లీ నేర్పించే పని ఉండదు. పాతది పూర్తిగా చచ్చిపోయినా ఆ నంబరు సాధారణంగా దాని ఒంటి మీదే అచ్చు వేసి ఉంటుంది. అందుకే విప్పినదాన్ని పారేయనివ్వకండి. సెన్సార్ కారుకు కబురు పంపేది రేడియో తరంగాలతో, కాబట్టి కొనేముందు 433 మెగాహెర్ట్జ్‌దేనా అని అడగండి. అమెరికా కార్ల కోసం చేసిన 315వి చౌకగా కనిపించినా మన కారు వాటి మాట వినదు. తుక్కు బండి నుంచి తీసినవి అసలు వద్దు, వాటి బ్యాటరీకీ అంతే వయసు.

సెన్సార్ బాగున్నా టైరు విప్పిన ప్రతిసారీ దాని రబ్బరు సీలు, నట్టు, లోపలి పిన్ను కొత్తవి వేయించండి. ఖర్చు చాలా తక్కువ. పిన్ను నికెల్ పూత ఉన్నదై ఉండాలి, మూత ప్లాస్టిక్‌ది ఉండాలి. అల్యూమినియం వాల్వుకు ఇత్తడి పిన్ను పెడితే మన సముద్రపు ఉప్పుగాలికి రెండూ కరిచి పట్టేస్తాయి. విప్పబోతే వాల్వే విరిగి, బాగున్న సెన్సార్ పనికిరాకుండా పోతుంది. మైపాడు, కొత్తపట్నం వైపు తిరిగే బండ్లకు ఇది మరీ ముఖ్యం. లోపల సెన్సార్ ఉందని టైరు విప్పే కుర్రాడికి ముందే చెప్పండి, లేకపోతే లివర్ తగిలి పగులుతుంది.

ఇన్ని చేసినా లైటునే నమ్ముకోవద్దు. అమెరికాలో 2007 నుంచి కొత్త కార్లన్నిటికీ ఈ ఏర్పాటు తప్పనిసరి. అక్కడి నిబంధన ప్రకారం గాలి 25 శాతం తగ్గేలోపు లైటు వెలిగితే చాలు. అంటే 32 ఉండాల్సిన టైరు 24కి దిగేదాకా అది మాట్లాడకపోవచ్చు. మన ఎండల్లో అది ఆలస్యమే.

ప్రశ్న: మా చిన్న కారుకు సెన్సార్లు లేవు. వాల్వు మూత బదులు బిగించుకునేవి ఆన్‌లైన్‌లో చౌకగా ఉన్నాయి. పని చేస్తాయా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

జవాబు: చేస్తాయి. పాత కారుకు నేను ముందు చెప్పేది వీటినే. బటన్ బ్యాటరీ మనమే మార్చుకోవచ్చు, టైరు విప్పక్కర్లేదు. అయితే మీ వాల్వులు పాత రబ్బరువి అయితే ముందు అవి మార్పించండి. ఆ మూత బరువుకు వేగంలో పాత వాల్వు ఊగి మొదలు దగ్గర చీలొచ్చు. బిగించాక సబ్బునీళ్లు పోసి బుడగలు వస్తున్నాయేమో చూడండి. దొంగతనం భయం ఉంటే లాక్ నట్టు ఉన్న సెట్ తీసుకోండి.

ప్రశ్న: క్వారీ రోడ్ల మీద తిరగాలి, రాళ్లకు పంక్చర్లు ఎక్కువ. టైర్లలో ముందే సీలెంట్ (పంక్చరు రంధ్రాన్ని పూడ్చే ద్రవం) పోయిస్తే లోపలి సెన్సార్లకు ఏమైనా అవుతుందా?
– ఒక పాఠకుడు, చీమకుర్తి

జవాబు: కొన్ని సీలెంట్లు సెన్సార్ రంధ్రాన్ని మూసేస్తాయి, అప్పుడు గాలి అంకె తప్పు చూపిస్తుంది. సెన్సార్లకు హాని చేయదని డబ్బా మీద రాసి ఉన్నదే వాడండి. గ్రానైట్ ముక్క పక్కగోడను కోస్తే ఏ సీలెంటూ ఆపలేదు. కాబట్టి స్టెప్నీలో గాలి కూడా నెలకోసారి చూపించండి. చాలా కార్లలో స్టెప్నీకి సెన్సార్ ఉండదు.