హ్యాండీక్యాప్ లెక్క పక్కన పెట్టి, నోటీసు తేదీ చూడండి

ప్రశ్న: ఫుట్‌బాల్ మ్యాచ్‌లో మైనస్ 0.75 హ్యాండీక్యాప్ మీద, 1.90 రేటుకు 40 వేలు కాశాను. మా టీమ్ 2-1తో గెలిచినా ఏజెంట్ సగం గెలుపే అన్నాడు. తర్వాత పోయినవన్నీ కలిపి, నేను సంతకం చేసిచ్చిన ఖాళీ చెక్కులో 3 లక్షలు రాసి బ్యాంకులో వేశాడు. బౌన్సయింది. లాయర్ నోటీసు అంది 11 రోజులైంది. ఇంట్లో తెలిస్తే చస్తాను. అతని మీద మోసం కేసు పెట్టొచ్చా?
– ఓ పాఠకుడు, హైదరాబాద్

జవాబు: హ్యాండీక్యాప్ అంటే పందెం లెక్కలో మీ టీమ్ గోల్స్‌లోంచి ముందే తీసేసే అంకె. మైనస్ 0.75 అంటే మీ 40 వేలలో సగం మైనస్ 0.5 మీద, సగం మైనస్ 1 మీద కాసినట్టు. ఒక్క గోల్ తేడాతో గెలిస్తే మొదటి 20 వేలకు 18 వేలు లాభం, రెండో 20 వేల లెక్కలో ఒక గోల్ తీసేస్తే స్కోరు సమం కాబట్టి అవి ఉన్నవి ఉన్నట్టు వాపసు. ఏజెంట్ లెక్క సరిగ్గానే ఉంది. తప్పయినా మీకు ఒరిగేదేమీ లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం సెక్షన్ 30 ప్రకారం పందెం ఒప్పందం చెల్లదు, గెలిచిన సొమ్ముకు దావా వేయలేరు.

మీ కేసు తేలేది చెక్కు దగ్గర. నోటీసు అందిన రోజు నుంచి 15 రోజుల్లో డబ్బు కట్టకపోతే, ఆ తర్వాత నెలలోపు అతను చెక్కు బౌన్స్ కేసులకు వర్తించే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కింద కోర్టుకు వెళ్లొచ్చు. మీకు మిగిలింది నాలుగు రోజులు. ఇన్నాళ్లూ నోటీసు ఎక్కడ దాచారు?

‘ఖాళీ చెక్కు ఇచ్చాను’ అన్న మాట ఒక్కటే మిమ్మల్ని కాపాడదు. ఇష్టపడి సంతకం చేసిచ్చిన ఖాళీ చెక్కుకూ, అది బాకీ తీర్చడానికే ఇచ్చారని చట్టం ముందుగా అనుకునే ఊహ వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది. అతను కోర్టులో పందెం మాటెత్తడు, చేబదులు ఇచ్చానంటాడు. అది చేబదులు కాదని చూపాల్సింది మీరే. అతను రేట్లు పంపిన వాట్సాప్ మెసేజ్‌లు, యూపీఐ చెల్లింపులు, ఏ మ్యాచ్‌కు ఎంతని రాసిన లెక్కలు, ఇవే మీ సాక్ష్యం. 3 లక్షలు అప్పిచ్చే స్తోమత అతనికి ఉందా, కాగితం ఏదైనా ఉందా అని మీ లాయరు నిలదీయొచ్చు. ఫోన్ మార్చకండి, చాట్ చెరపకండి. వాటిని కోర్టులో పెట్టాలంటే 2023 నాటి భారతీయ సాక్ష్య చట్టం (భారతీయ సాక్ష్య అధినియం) సెక్షన్ 63 సర్టిఫికెట్ కావాలి.

‘చెక్కు పోయింది’ అని పోలీసులకు రాసివ్వమని స్నేహితులెవరైనా చెబితే వినకండి. అది అబద్ధపు ఫిర్యాదు, దానికదే నేరం. ఆ తర్వాత మీ నిజాన్నీ ఎవరూ నమ్మరు.

ఇంకో చిక్కు. 2017 సవరణ తర్వాత తెలంగాణ గేమింగ్ చట్టం కింద ఆన్‌లైన్ పందెమూ నేరమే. పందెం కాశానని రాస్తే మీ మీదకూ వస్తుంది. అందుకే నోటీసుకు జవాబు మీరే రాసి పంపకండి. రేపు పొద్దున్నే క్రిమినల్ కేసులు చూసే లాయరు దగ్గరికి నోటీసు, అది వచ్చిన కవరు, ఫోన్, బ్యాంకు స్టేట్‌మెంట్ తీసుకెళ్లండి.

మీ సంతకమున్న చెక్కులు అతని దగ్గర ఇంకెన్ని ఉన్నాయో మీరు రాయలేదు. ఉంటే వాటి నంబర్లు కూడా రాసుకెళ్లండి.