విశాఖ దగ్గర గరువులో (మెట్ట చేనులో) ఆవులు మేపుతున్నాం, గడ్డి ఏటా పలచబడుతోంది. ఏ ఎరువు వేయాలి?

బస్తా సంగతి తర్వాత. ముందు ఓ సాయంత్రం చేనంతా తిరిగి పేడ ఎక్కడ పడుతోందో చూడండి. నన్నడిగితే సగం జబ్బు అక్కడే తేలిపోతుంది.

మాదీ పద్మనాభం వైపు ఎర్ర గరువే. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుఫానుకి జీడితోట నేలమట్టమైతే, మళ్ళీ మొక్కలు పెట్టే ఓపిక లేక మా నాన్న దాన్ని ఆవులకి వదిలేశారు. మిగిలింది పల్లంలో ఒక చింతచెట్టు, దాని పక్కన నీళ్ల తొట్టి. ఎండెక్కితే పశువులన్నీ అక్కడే. కొన్నేళ్లకి చెట్టుకింద నేల నల్లబడింది, మిట్ట మీద గడ్డి పసుపు తిరిగింది. మట్టి పరీక్షకని వచ్చిన కుర్రాడు ఎండకి తాళలేక ఆ నీడలోనే గుంట తీసి, మట్టి సంచిలో పోసుకున్నాడు. "బాబూ, మిట్ట మీదా తియ్యి" అని నాన్న అంటే "అంతా ఒకటే చేను కదండీ" అన్నాడు. మట్టి పరీక్ష కార్డులో భాస్వరం ఎక్కువ, పొటాష్ ఎక్కువ అని వచ్చింది. ఉండదా మరి! చెట్ల కింద, గట్ల మీద, పెంటకుప్పల పక్కన మట్టి తీయకూడదని మట్టి పరీక్షల వాళ్లే చెబుతారు. చాలా చోట్ల 15 సెంటీమీటర్ల లోతున తీసి, కలిపి, అరకిలో పంపాలి. మిట్టకీ పల్లానికీ విడివిడిగా పంపండి.

మేసిన గడ్డిలోని సారం చాలావరకు పేడలో, మూత్రంలో తిరిగి నేలకే వస్తుంది. పాలతో పోయేది కొంచెమే. పొటాష్ అయితే ఎక్కువగా మూత్రంలోనే ఉంటుంది. అంటే మా ఆవులు మిట్ట మీద మేసిందంతా తెచ్చి చెట్టుకింద పోశాయన్నమాట. తొట్టినీ, పశువులు నాకే ఉప్పు ఇటుకనీ మిట్టకి మార్చాం. రాత్రిళ్లు పశువుల సాలలో కట్టడం మానేసి, వెదురు దడిలో ఉంచి, ఆ దడిని జరుపుతూ పోయాం. వానలు పడ్డాక దడి నిలిపిన చోటల్లా పచ్చబడి, ఆ మిట్ట గళ్ల లుంగీ పరిచినట్టు కనిపించింది.

గొర్రెలవాళ్లు దొరికితే మంద కట్టించుకోండి, అంటే రాత్రిళ్లు గొర్రెల్ని మీ చేలోనే ఉంచడం. దొరకడమే కష్టం. ఆనందపురం చుట్టూ లేఅవుట్ల ప్రహరీలే, మంద నడవడానికి దారేదీ? ఇక మా ఊళ్లో కొందరు గత్తం (పశువుల పెంట ఎరువు) లారీకెత్తి విల్లాల లాన్లకి అమ్ముకుని, ఆ డబ్బుతో డీఏపీ ఎరువు బస్తాలు తెచ్చుకుంటారు. ఏం లెక్కో!

యూరియా వేయాలనుకుంటే నేల పదును మీద కొద్దిగా వేయండి. వాన పడకుండా నేల మీదే ఉండిపోతే చాలా భాగం గాలికే పోవచ్చు. దానికన్నా తొలకరిలో స్టైలో హెమాటా చల్లడం మేలు. పప్పుజాతి మేత, గాలిలోని నత్రజనిని పట్టుకుంటుంది, ఎర్ర నేలల్లో బతుకుతుంది. గింజ తొక్క గట్టిది, రాత్రంతా నానబెట్టి చల్లాలి. మొదటి ఏడాది మరీ మట్టానికి మేయనివ్వకండి.

వీడియోలు చూసి సూపర్ నేపియర్‌కి ఎగబడొద్దు. కోసి మోసుకెళ్ళే గడ్డి అది, కోసిన ప్రతిసారీ నేల సారం దాంతోపాటే పోతుంది. వేసినా, సాలలోని గత్తం మాత్రం ఆ మడికే తోలించండి.