సన్నటి జాగాలో స్ప్రూస్ పెంచాలనుకునే శ్రావణికి

చి. సౌ. శ్రావణికి, పెదనాన్న ఆశీస్సులు.

మిషిగన్‌లో కొన్న ఇంటి పక్క జాగాలో నీలి స్ప్రూస్ (క్రిస్మస్ చెట్టులా ఉండే సూదాకుల చెట్టు) పెడతానని రాశావు. నీలిది వద్దమ్మా. అది కొలరాడో వైపు పొడి కొండగాలికి అలవాటు పడ్డ చెట్టు. మీ ఊళ్ళో వేసవి తేమకి శిలీంధ్రం పట్టి, కింది కొమ్మల నుంచి సూదులు రాలుతూ బోడిగా తయారవుతుంది. నార్వే స్ప్రూస్‌లో 'కుప్రెస్సినా' రకం అడుగు. ఎత్తు 25, 30 అడుగులకు వెళ్ళినా వెడల్పు 6 నుంచి 8 అడుగులే. కొమ్మలు నిటారుగా ఒదిగి ఉంటాయి, మంచు బరువుకి అంత తేలిగ్గా విరగవు. గోడకి కనీసం 6 అడుగులు వదులు. ఎండ బాగా తగలాలి, నీరు నిలవకూడదు.

నీకు గట్టిగా చెప్పాల్సింది లోతు గురించి. ఈ చెట్లు చచ్చిపోవడానికి లోతుగా పాతడం ఒక పెద్ద కారణం. నర్సరీ నుంచి వచ్చిన మట్టిముద్ద పైభాగాన్ని ముందు వేళ్ళతో గీకి చూడు. కాండం కిందికి వెళ్తూ వెడల్పై వేర్లుగా విడిపోయే చోటు కనపడాలి. ఒక్కోసారి అది నాలుగంగుళాల లోపల పూడుకుపోయి ఉంటుంది. ఆ చోటు నేల మట్టానికి కాస్త పైకే ఉండేట్టు నాటు. గొయ్యి వెడల్పు మట్టిముద్దకి రెండు మూడింతలు తవ్వు, లోతు మాత్రం ముద్దకి మించనివ్వకు. గొయ్యిలో దించాక పై సగంలో ఉన్న గోనె, ఇనుప జాలీ, తాళ్ళు కత్తిరించి తీసెయ్యి. మల్చ్ (నేల మీద కప్పే చెక్కపొట్టు) రెండు మూడు అంగుళాలు చాలు, మొదలుకి తగలనివ్వకు.

మొదటి రెండు మూడేళ్ళు నీళ్ళు నువ్వే చూసుకోవాలి. వేలు దింపి చూసి పొడిగా ఉంటే పైపు సన్నగా వదిలి నానబెట్టు. నేల గడ్డకట్టే దాకా ఆపకు. చలికాలంలోనూ ఆకుల నుంచి తేమ పోతూనే ఉంటుంది.

వసంతంలో, మళ్ళీ సెప్టెంబరులో కొమ్మ కింద తెల్లకాగితం పెట్టి తట్టు. చుక్కలు కదిలితే అవి చెట్టు రసం పీల్చే నల్లులు (స్పైడర్ మైట్స్). పైపుతో గట్టిగా నీళ్ళు కొడితే చాలావరకు పోతాయి, మందులకి తొందరపడకు. కత్తిరింపుల జోలికి వెళ్ళొద్దు, సూదులు లేని కొమ్మ దాకా కోస్తే అక్కడ మళ్ళీ చిగురు రాదు. చిటారు కొమ్మలు రెండు పోటీపడితే మాత్రం ఒకదాన్ని ఉంచి రెండోది తీసెయ్యి.

సెప్టెంబరు మొదట్లో నాటితే మంచిది. తవ్వే ముందు 811కి ఫోన్ చేస్తే గ్యాస్, కరెంటు లైన్లు ఎక్కడున్నాయో వచ్చి గుర్తులు పెడతారు, డబ్బులు తీసుకోరు. నాలుగైదు రోజులు ముందుగానే చెయ్యి.

పెదనాన్న