పదోన్నతి సంగతి తర్వాత, ముందు నిద్ర సంగతి చూడండి

ప్రశ్న: నా వయసు 33. కోస్తాలో ఒక మండల కేంద్రంలోని ప్రభుత్వ రంగ బ్యాంకు శాఖలో ఆరేళ్లుగా స్కేల్ వన్ (అధికారుల్లో తొలి మెట్టు) అధికారిణిగా పనిచేస్తున్నాను. మావారు గుంటూరులో ఒక ప్రైవేటు కళాశాలలో పాఠాలు చెబుతారు. శనివారం రాత్రి వచ్చి సోమవారం తెల్లవారుజామునే వెళ్లిపోతారు. ఐదేళ్ల పాపను మా అత్తగారు చూసుకుంటున్నారు. ఉదయం తొమ్మిదికి బయలుదేరితే రాత్రి ఎనిమిదికి ఇల్లు చేరతాను. సాయంత్రం పై అధికారుల వీసీలో (వీడియో కాన్ఫరెన్సులో) టార్గెట్ల గురించి అందరి ముందూ మాటలు పడాలి. ఆదివారం మధ్యాహ్నం నుంచే గుండె బరువెక్కుతుంది. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వస్తే మళ్లీ నిద్ర పట్టదు. మొన్న పాప నా హ్యాండ్‌బ్యాగులోంచి స్ట్రాంగ్ రూమ్ తాళాలు తీసి బ్యాంకు ఆట ఆడుకుంటుంటే చెయ్యి చేసుకున్నాను. ఆ రాత్రంతా ఏడుస్తూనే ఉన్నాను. పని మీద ఇష్టం లేక కాదు. డ్వాక్రా సంఘాలకు, పాడి రైతులకు రుణాలు చూసిన రోజున అలసటే తెలియదు. ఇప్పుడు స్కేల్ టూ (మేనేజరు స్థాయి) పదోన్నతికి సర్క్యులర్ వచ్చింది, గడువు ఇంకా 24 రోజులుంది. అత్తగారు ‘పిల్లకు తల్లి కావాలి గానీ మేనేజరెందుకు’ అంటున్నారు. మావారు ‘నీ ఇష్టం’ అంటున్నారు. దరఖాస్తు చేయాలా, లేక ఉద్యోగమే మానేయాలా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివాక నా మనసు ఆ తాళాల గుత్తి దగ్గరే ఉండిపోయింది. స్ట్రాంగ్ రూమ్ తెరవాలంటే రెండు తాళాలు కావాలి, ఒకటి మీ దగ్గర, రెండోది మరొకరి దగ్గర. ఒకరు రాకపోతే నగదు బయటకు రాదు, జనం కుదువపెట్టిన బంగారం బయటకు రాదు. ఒంట్లో బాగాలేకపోయినా సరే, రిజిస్టరులో రాసి, సంతకాలు పెట్టించి తాళం అప్పగిస్తే గానీ మీరు సెలవు పెట్టలేరు. అలాంటి తాళం రాత్రి మీ ఇంట్లో, మీ సంచిలో ఉంటుంది. శాఖ మూతపడుతుందే తప్ప మీ బాధ్యత ఏ పూటా మూతపడదు. పాప చేతిలో ఆ గుత్తి కనబడగానే మీరు పడిన భయం ఎంతటిదో నాకు అర్థమవుతోంది. ఆ దెబ్బ తప్పే, అందులో సందేహం లేదు. అయితే అది కోపంలోంచి కాక భయంలోంచి వచ్చింది కాబట్టి, దాన్ని చూసి మిమ్మల్ని మీరు చెడ్డ తల్లిగా లెక్కకట్టుకోవద్దు. ‘తాళాలు పోతాయేమోనని అమ్మకు భయమేసింది, నిన్ను కొట్టడం అమ్మ తప్పు’ అని పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని ఒక్కసారి చెప్పండి. ఐదేళ్ల బిడ్డకు ఆ మాట బాగా అర్థమవుతుంది. ఆ తర్వాత తాళాలకు పాప అందుకోలేని ఎత్తులో, తాళం వేసే బీరువా అరలో ఒక చోటు ఏర్పాటు చేసి, ఇల్లు చేరగానే మొదట వాటిని అక్కడ పెట్టడం అలవాటు చేసుకోండి. పాపకు ఆడుకోవడానికి పాత తాళాలు నాలుగు దారానికి గుచ్చి ఇవ్వండి, తన బ్యాంకు తను నడుపుకుంటుంది.

ఇక మీ ప్రశ్న. దరఖాస్తు చేయాలా, మానేయాలా అని మీరు రెండు దారులే చూపించారు. నెలల తరబడి మూడింటికే మేలుకుంటున్న మనిషికి దారులు రెండే కనబడతాయి. నిద్ర లేని మనసు ఏ విషయాన్నయినా ఉంచుకోవడమా, వదిలేయడమా అన్నంత దాకా లాక్కుపోతుంది. అందుకే, ఉద్యోగం మానేసే నిర్ణయం ఈ స్థితిలో తీసుకోవద్దని గట్టిగా చెబుతున్నాను. మానేయడం తప్పని కాదు. నాలుగు వారాలు సరిగా నిద్రపోయిన తర్వాత కూడా అదే అనిపిస్తే, అది మీరు ఆలోచించి తీసుకున్న నిర్ణయం అవుతుంది, దాన్ని నేనూ గౌరవిస్తాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన వ్యాధుల వర్గీకరణలో ‘బర్నవుట్’ అనే స్థితిని వివరించింది. దాన్ని జబ్బుగా లెక్కించలేదు, పనిచేసే చోట ఎడతెగని ఒత్తిడిని సంబాళించుకోలేకపోయినప్పుడు ఏర్పడే పరిస్థితిగా పేర్కొంది. శక్తి పూర్తిగా హరించుకుపోవడం, పని మీద విముఖత లేదా చులకన భావం ఏర్పడటం, తాను చేసే పనికి ఫలితం లేదనిపించడం దాని మూడు లక్షణాలు. మొదటిది మీలో స్పష్టంగా ఉంది. మూడోది వీసీ ముగిసిన ప్రతి సాయంత్రం కాస్త కాస్తగా పెరుగుతోంది. రెండోది మాత్రం మీ దగ్గరకు ఇంకా రాలేదు. పాడి రైతుకు రుణం చూసిన రోజున అలసట తెలియదని మీరే రాశారు కదా. ఆ ఒక్క వాక్యాన్ని పట్టుకునే మిగతా జవాబంతా రాస్తున్నాను.

దానికి ముందు, మనసు సంగతి తేల్చేలోపు ఒంటి సంగతి చూడాలి. గుండె బరువు, అలసట, నిద్రలేమి అన్నింటినీ ఒత్తిడి ఖాతాలోనే రాసేయడం మన ఇళ్లలో ఆడవాళ్ల విషయంలో తరచుగా జరిగే పొరపాటు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ల మహిళల్లో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగరు, ఒక ఈసీజీ, ఈ నాలుగూ ఈ వారంలోనే చేయించండి. నిద్ర విషయానికొస్తే, వీసీకి ముందు సాయంత్రం ఐదున్నరకు తాగే టీ మానేయండి, ఎందుకంటే అందులోని కెఫీన్ సగం తగ్గడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది. శాఖ వాట్సాప్ గ్రూపును రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఏడు దాకా మ్యూట్‌లో పెట్టండి, నిజంగా అత్యవసరమైతే ఫోనే చేస్తారు. మూడింటికి మెలకువ వస్తే గడియారం చూడకండి. కాసేపటికీ నిద్ర పట్టకపోతే లేచి వెలుతురు తక్కువగా ఉన్నచోట కూర్చుని, కునుకు వస్తున్నప్పుడే మళ్లీ పడుకోండి.

ఇప్పుడు అసలు విషయం. ఒత్తిడి అంటే పని ఎక్కువ కావడమేనని మనం అనుకుంటాం. రాబర్ట్ కరాసెక్ అనే పరిశోధకుడు 1979లో ప్రచురించిన అధ్యయనంలో మరో సంగతి చూపించారు. పని డిమాండ్లు ఎక్కువై, ఆ పనిని ఎలా, ఏ వరుసలో చేయాలన్నది మాత్రం తన చేతిలో లేనప్పుడు మనిషి ఎక్కువగా నలిగిపోతాడు. అంతే బరువైన పనిలో తన పట్టు కూడా ఎక్కువగా ఉంటే, అదే పని మనిషిని ఎదిగేలా చేస్తుంది. మీ రోజును ఈ కోణంలో చూడండి. పాడి రుణం ఇచ్చిన రోజున మీరు తక్కువ పనేమీ చేయలేదు. ఊరికి వెళ్లి పశువులను చూసి, పాలకేంద్రం పుస్తకంలో వారం వారం పడిన డబ్బు లెక్క చూసి, వాయిదా ఎంత అయితే ఆ ఇల్లు తట్టుకోగలదో మీరే తేల్చారు. అది మీ బుద్ధితో చేసిన పని. అదే సాయంత్రం, కౌంటరుకు వచ్చిన వాళ్లలో ఎంతమందికి బీమా పాలసీ అంటగట్టలేకపోయారో చెప్పుకోవాల్సి వచ్చింది, ఆ అంకె మాత్రం మీ చేతిలో లేదు. మిమ్మల్ని తినేస్తున్నది రెండోది. ఈ రెండింటినీ కలిపి ‘ఉద్యోగం’ అని ఒకే పేరు పెట్టుకున్నందువల్లే, బాధ కలిగినప్పుడు మొత్తం వదిలేయాలనిపిస్తోంది.

కాబట్టి పది రోజుల పాటు ఒక చిన్న నోటుపుస్తకంలో ప్రతి గంటకూ ఏ పని చేశారో ఒక ముక్క రాసి, ఇది నా చేతిలో ఉన్నదా, లేనిదా అని పక్కన ఒక గుర్తు పెట్టండి. ఆ కాగితం తీసుకుని మేనేజరుగారి దగ్గర, వీసీ అయిన వెంటనే కాకుండా, ఒక ప్రశాంతమైన ఉదయం కూర్చోండి. ‘ఒత్తిడి భరించలేకపోతున్నాను సార్’ అంటే ‘అందరికీ ఉన్నదేనమ్మా’ అనే సమాధానం వస్తుంది. ‘వారంలో ఇన్ని గంటలు కౌంటరులో పోతున్నాయి, రుణాల ఫైళ్లు ఇన్ని ఆగాయి, మంగళ, గురువారాలు మధ్యాహ్నం తర్వాత నన్ను రుణాల సీటుకే వదిలితే బకాయిల వసూలు కూడా నేను చూస్తాను’ అంటే ఆయనకు లాభం కనబడుతుంది. వాయిదా కట్టని ఖాతా 90 రోజులు దాటి మొండి బాకీల జాబితా అయిన ఎన్‌పీఏలో పడకుండా చూసుకోవడం ఏ మేనేజరుకైనా పెద్ద తలనొప్పి, అందులో మీరు ఆయనకు అక్కరకు వస్తారు. తాళం విషయమూ అప్పుడే ఎత్తండి. నెలలో ఒక వారమైనా మరో అధికారికి తాళం అప్పగించే వంతు పెట్టమని అడగండి. అడగడానికి మొహమాటపడతారని తెలుసు. అయినా అడగండి.

పదోన్నతి మీద నా అభిప్రాయం దాచుకోను, దరఖాస్తు చేయమనే అంటాను. స్కేల్ టూ అంటే మీకు రెట్టింపు తిట్లుగా కనబడుతూ ఉండవచ్చు. చిన్న శాఖకు మేనేజరుగా వేస్తే వీసీలో సమాధానం చెప్పాల్సింది మీరేనన్నది నిజమే. అయితే ఎవరు ఏ సీటులో కూర్చోవాలో, ఏ ఊరికి ఏ రోజున వెళ్లాలో, అలసిపోయిన సిబ్బందితో ఎలా మాట్లాడాలో నిర్ణయించేదీ మీరే అవుతారు. పెద్ద శాఖలో రుణాల విభాగానికి వేస్తే మీకు ఇష్టమైన పనే రోజంతా దొరుకుతుంది. 1992లో గ్రామీణాభివృద్ధి బ్యాంకు నాబార్డు 500 స్వయం సహాయక సంఘాలతో ప్రయోగంగా మొదలుపెట్టిన బ్యాంకు లింకేజీ (సంఘాలకు బ్యాంకు రుణాలు అందించే ఏర్పాటు) ఇవాళ పల్లెపల్లెకూ చేరిందంటే, పొలాల గట్ల మీదా ఇళ్ల అరుగుల మీదా కూర్చుని లెక్కలు చూసిన మీలాంటి అధికారుల చేతి చలవే. ఆ పనిలో నైపుణ్యం సంపాదించిన మనిషి పైకి ఎదగాలనుకోవడం దురాశ కాదు, బిడ్డకు ద్రోహమూ కాదు.

బదిలీ భయం నిజమైనదే. పెళ్లయిన మహిళా ఉద్యోగులు కోరితే, వీలైనంత వరకు భర్త పనిచేసే ఊరిలోనో, దాని దగ్గరలోనో నియమించాలని 2014 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ ప్రభుత్వ రంగ బ్యాంకులకు సూచించింది. ‘వీలైనంత వరకు’ అన్న మాట ఉంది కనుక ఇది మీ హక్కని చెప్పలేను. అయినా, లిఖితపూర్వకంగా పెట్టిన అర్జీకి ఉండే బలం నోటిమాటకు ఉండదు. ఎంపికయ్యాక పదోన్నతిని వదులుకుంటే కొన్నేళ్లు మళ్లీ అవకాశం ఇవ్వని నిబంధన ఉండవచ్చు, మీ బ్యాంకు పదోన్నతి విధానాన్ని ముందే పూర్తిగా చదవండి. గుంటూరు వైపు పోస్టింగు దొరికితే ఇల్లంతా ఒక చోట చేరే అవకాశం కూడా ఈ పదోన్నతిలోనే ఉంది, దాన్ని మీరు లెక్కలో వేసుకున్నట్టు లేదు.

మీవారు ‘నీ ఇష్టం’ అంటున్నారని రాశారు. ఆ మాట వినడానికి ఉదారంగా ఉంటుంది, బరువు మాత్రం మొత్తం మీ భుజం మీదే మిగులుతుంది. ఒక ఆదివారం, పాప నిద్రపోయాక ఆయనతో ఇలా చెప్పండి: ‘ఇష్టం నాది, ఇల్లు మనది. నేను ఏది ఎంచుకున్నా మీ వంతు ఏమిటో చెప్పండి.’ దూరంగా ఉన్న మనిషి కూడా చేయగల పనులు బోలెడున్నాయి. రోజూ సాయంత్రం ఏడింటికి పాపతో వీడియోలో మాట్లాడి చదువు చెప్పించవచ్చు, నెల సరుకులు తెప్పించవచ్చు, బడి నుంచి వచ్చే ఫోన్లకు తాను జవాబు చెప్పవచ్చు, తన తల్లిని డాక్టరు దగ్గరకు తీసుకెళ్లవచ్చు. ఆదివారం వంట ఆయన చేతికి ఇవ్వండి. వారానికి ఒక్క రోజు వచ్చే మనిషిని అతిథిలా చూసుకోవడం మీ ప్రేమే కావచ్చు గానీ, ఆ ప్రేమకు మీ ఆదివారం మొత్తం ఖర్చయిపోతోంది.

అత్తగారి మాట మీకు ములుకులా తగిలిందని తెలుస్తోంది. ఆ మాటను ఆవిడ అలసట వైపు నుంచి కూడా ఒకసారి వినండి. పరుగెత్తే పిల్లను పదకొండు గంటలు ఒంటరిగా పట్టుకునే పెద్దావిడ ‘నావల్ల కావట్లేదు’ అని చెప్పలేక, ‘పిల్లకు తల్లి కావాలి’ అంటూ ఉండవచ్చు. మధ్యాహ్నం రెండు మూడు గంటలు సాయానికి ఒక మనిషిని పెట్టుకుని, ఆ జీతాన్ని మీ ఉద్యోగానికి అయ్యే ఖర్చుగానే రాసుకోండి. రెండో, నాలుగో శనివారాలు మీకు సెలవే కదా. ఆ రెండు రోజులూ ఉదయం పూట ఆవిడను గుడికో, చెల్లెలి ఇంటికో పంపి పాపను మీరే చూసుకోండి. ఇది చేశాక కూడా ఆవిడ అదే మాట అంటే, నొచ్చుకోకుండా, ‘నేను తల్లినీ అవుతాను, మేనేజరునూ అవుతాను, మీరు తోడుండాలి అత్తయ్యా’ అని చెప్పవచ్చు.

ఒక విషయం సూటిగా అడుగుతున్నాను. ఆ తెల్లవారుజాముల్లో, బతకడం ఎందుకు అనే ఆలోచన ఎప్పుడైనా వచ్చిందా? వచ్చి ఉంటే, లేదా ఇక ముందు వస్తే, నా జవాబులోని మిగతా సలహాల కోసం ఆగకుండా ఇంట్లో ఒకరికి చెప్పి మానసిక వైద్యులను కలవండి. 14416 నంబరుకు ఫోన్ చేస్తే కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ టెలీ మానస్‌లో పగలూ రాత్రీ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు. అలాంటి ఆలోచన లేకపోయినా, రెండు వారాల తర్వాత కూడా నిద్ర కుదుటపడకపోతే ఒకసారి చేయండి. బ్యాంకులో తెలిసిపోతుందని భయపడవద్దు, 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మీ చికిత్స వివరాలను గోప్యంగా ఉంచే హక్కు మీకు ఇచ్చింది.

గడువు 24 రోజులుందని రాశారు. మొదటి పది రోజులు నిద్రకు, రక్త పరీక్షలకు, నోటుపుస్తకానికి ఇవ్వండి. ఆ పది రోజుల్లో దరఖాస్తు మాట ఇంట్లో ఎవరెత్తినా ‘పదకొండో రోజున మాట్లాడదాం’ అనండి. తర్వాతి వారంలో మేనేజరుగారితో, మీవారితో ఆ రెండు సంభాషణలూ పూర్తి చేయండి. సర్క్యులర్ చివరి వారంలో, ఒక సెలవు ఉదయం తీరికగా కూర్చుని, నోటుపుస్తకం పక్కన పెట్టుకుని దరఖాస్తు తెరవండి. పరీక్షల్లో ఏం తేలిందో, మేనేజరుగారు ఏమన్నారో నాకు రాస్తే, బదిలీ అర్జీ ఎలా రాయాలో వచ్చే ఉత్తరంలో వివరంగా చెబుతాను.