షాపు మాత్రలు ఆపి ముందు పరీక్షకు వెళ్లండి

ప్రశ్న: నాకు 32 ఏళ్లు. పిల్లల్ని చదివించడానికి నాలుగేళ్లుగా సెక్స్ వర్కర్ వృత్తిలో ఉన్నాను. మానేయాలని ఉంది. విజయవాడలో మాలాంటివాళ్లకు సాయం చేసేవాళ్లు ఉన్నారా? రెండు నెలలుగా పొత్తికడుపు నొప్పి, వాసనతో తెల్లబట్ట. మెడికల్ షాపు మాత్రలతో తగ్గి మళ్లీ వస్తోంది.
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అమ్మా, సాయం సంగతి కూడా చెప్తాను, కానీ నొప్పి సంగతి ముందు. ‘తగ్గి మళ్లీ వస్తోంది’ అన్నారే, నాకు భయం వేసింది ఆ మాటకే. ఇన్ఫెక్షన్ గర్భసంచి దాటి ట్యూబుల దాకా పాకి ఉండొచ్చు. చూడకుండా ఖాయంగా చెప్పలేను. షాపులో ఇచ్చే నాలుగు మాత్రలకు బాధ అణుగుతుంది, జబ్బు లోపల ఉండిపోతుంది. సిఫిలిస్ అనే సుఖవ్యాధి పుండయితే ఏ మందూ వేయకపోయినా మానిపోతుంది, జబ్బు మాత్రం రక్తంలో ఉంటుంది. షాపతను మిమ్మల్ని పరీక్షించాడా? నెల తప్పిందా అని అడిగాడా? రెండు నెలలు ఆగడం తప్పే తల్లీ. నెల తప్పి ఒకవైపు నొప్పి ఎక్కువైనా, కళ్లు తిరిగినా, జ్వరంతో వాంతులైనా ఓపీ దాకా ఆగకుండా క్యాజువాలిటీకి వెళ్లండి.

లేదంటే రేపే ప్రభుత్వ పెద్దాసుపత్రిలో గైనిక్ ఓపీకి గానీ సుఖవ్యాధుల విభాగానికి గానీ వెళ్లండి. వృత్తి సంగతి డాక్టరుకు దాచొద్దు. హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్షలు అక్కడ ఉచితం. మీరు ఒప్పుకోకుండా హెచ్‌ఐవీ పరీక్ష చేయకూడదని, ఫలితం గోప్యంగా ఉంచాలని 2017 చట్టం ఉంది. కండోమ్ చిరిగితే 72 గంటల్లోపు వెళ్తే హెచ్‌ఐవీ రాకుండా మందులిస్తారు, ఎంత తొందరగా వెళ్తే అంత మంచిది.

ఇక సాయం. ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేస్తే కౌన్సెలింగ్, దగ్గర్లోని పరీక్షా కేంద్రాల వివరాలు చెప్తారు. ఎవరైనా కొడుతున్నా, బలవంతంగా ఉంచుతున్నా మహిళా హెల్ప్‌లైన్ 181కి లేదా అత్యవసర నంబరు 112కి చేయండి. ఉచిత న్యాయసాయానికి 15100. బయటికొచ్చాక ఉండే చోటు లేకపోతే శక్తి సదన్‌ల (ప్రభుత్వ పథకం కింద నడిచే ఆశ్రయ గృహాలు) గురించి 181లోనే అడగండి. అడ్రసు రుజువు లేదని ఆధార్ ఆపకూడదని, మీ వృత్తి దాని మీద తెలియకూడదని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి కార్డుల గురించి టెన్షన్ పడొద్దు.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు ఇప్పటిదాకా వాడిన మాత్రల స్ట్రిప్పులు సంచిలో వేసుకెళ్లండి. ఏం వాడారో చూస్తే అక్కడి డాక్టరుకు సరైన మందు రాయడం తేలికవుతుంది.